గ్యాస్ గీజరు, హీట్ పంపు (నీటి తాపనము)

గ్యాస్ గీజరు, హీట్ పంపు అనునవి ఇంటిలో నీళ్ళు కాచుకొనుటకు ఉపయోగించు రెండు సాధనములు. శీతల దేశములలో ఇల్లంతటినీ వెచ్చబరచుటకు గ్యాస్ ఫర్నేసు మేలా, హీట్ పంపు మేలా అన్న చర్చ ఉన్నది. అమెరికాలోని తెలుగువారికి అది పరిచితమే. హైదరాబాదులో ఆ అవసరము లేదు. ఇక్కడ నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు (1946 జనవరి 8). కావలసినదల్లా స్నానమునకు వేన్నీళ్ళే. పూర్వము రాగి బాయిలరులో కట్టెలు, బొగ్గులు వేసి కాచుకొనెడివారు.

గ్యాస్ గీజరు

కుళాయి తిప్పగానే నిప్పురవ్వ పుట్టి గ్యాసు వెలుగును, నీరు గొట్టములోనే వేడెక్కును. ధర తక్కువ, తొట్టి అక్కరలేదు. పురానాపూల్ సమీపములోని ధూల్‌పేట్ వంటి ఇరుకు సందుల పేటలలో చిన్న ఇళ్ళకు అనువుగా కనిపించుటకు కారణమిదే.

ప్రమాదమును మాత్రము తెలిసికొనవలెను. నిమిషమునకు 6 లీటర్ల నీటిని 25 డిగ్రీలు పెంచు గీజరు పది నిమిషములలో సుమారు 160 గ్రాముల గ్యాసును మండించును. అందులకు దాదాపు 2 ఘనమీటర్ల గాలి కావలెను. నాలుగడుగులకు ఐదడుగుల స్నానాల గదిలో, ఎనిమిదడుగుల ఎత్తుకు, ఉండునది నాలుగున్నర ఘనమీటర్లే! తలుపు, కిటికీ మూసినచో గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుట్టును. ఇది రక్తములోని హీమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా బంధించుకొనును. వంటగ్యాసుకు వాసన కలిపెదరు కాని, ఈ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. కనుక "వాసన రాలేదు గదా" అనుకొనుట పొరపాటు. తలనొప్పి, తల తిరుగుట, వాంతి వచ్చినట్లుండుట తొలి లక్షణములు. పిమ్మట స్పృహ తప్పును. అట్టివారిని వెంటనే ఆరుబయటకు చేర్చి, ఆక్సిజన్ ఇచ్చు ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

గీజరును వెలుపలి గోడకు బిగించి, నీటి గొట్టమును మాత్రమే లోపలికి తెచ్చుట సరియైన పద్ధతి. వెలుపలి గోడ లేని ఇంటిలో దానిని పెట్టకుండుటే మంచిది.

హీట్ పంపు

ఇది తిరగేసిన ఫ్రిజ్ వంటిది. వెలుపలి గాలిలోని వేడిని శీతలకముచే గ్రహించి నీటికి అందించును. ఈ సూత్రమును 1852లో విలియం థామ్సన్ (లార్డ్ కెల్విన్) ప్రతిపాదించెను. ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు మూడు యూనిట్ల వేడి లభించును. గడ్డకట్టు చలిలో దీని సామర్థ్యము తగ్గును. హైదరాబాదు చలికాలము దీనికి అడ్డంకి కాదు. అడ్డంకులు వేరు: ధర సాధారణ గీజరుకు అనేక రెట్లు, పెద్ద తొట్టి, గాలి ఆడు మిద్దె. ఉమ్మడి మిద్దె గల అద్దె ఇంటివారికి ఇది కష్టసాధ్యము.

ఖర్చు

14.2 కిలోల సిలిండరు నీటికి అందించు వేడి సుమారు 150 యూనిట్లు. ఇంతే వేడికి విద్యుత్ గీజరు 150 యూనిట్లకు కొంత పైబడియు, హీట్ పంపు 50 యూనిట్లును వాడును. సిలిండరు ధరను, తమ కరెంటు బిల్లులోని పై శ్లాబు రేటును వేసి ఎవరి లెక్క వారు చూచుకొనవచ్చును. సంవత్సరమునకు రెండు మూడు నెలలే వేన్నీళ్ళు వాడు చిన్న కుటుంబమునకు హీట్ పంపు పెట్టుబడి తిరిగి రావడము కష్టము. వారికి, వెలుపలి గోడ లేనిచో, సాధారణ విద్యుత్ గీజరే తగును.