పొట్లకెరె శిల్పాలు - సోమన కావ్యం

పాల్కురికి సోమనాథునికి మన సాహిత్య చరిత్రలో దక్కిన గౌరవం న్యాయమైనదే. మార్గ కవితను కాదని ద్విపదను చేపట్టాడు. మడివాలు మాచయ్యను, బోయ కన్నప్పను కావ్యంలోకి తెచ్చాడు. అభ్యుదయ విమర్శ ఆయనను ప్రజాకవిగా నిలబెట్టింది. కాని అదే బసవపురాణంలో ఉన్న జైన ద్వేషాన్ని గురించి చెప్పవలసినంత మనం చెప్పలేదన్నది నా అభిప్రాయం. దీనికి సాక్ష్యం తాళపత్రాలలోనే కాదు, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోనూ ఉంది.

సోమన చెప్పిన కథ ఇది. పొట్లకెరెను ఏలే జయసింహుడు జైనుడు, రాణి సుగ్గలదేవి శివభక్తురాలు. ఆమె గురువు దేవర దాసయ్య వాదంలో జైనులను ఓడిస్తాడు; రాజు శైవుడవుతాడు; బసదులు కూలుతాయి. ఈ పొట్లకెరె మన పటాన్‌చెరువేనని చరిత్రకారులు గుర్తించారు. జయసింహుడు 1015 నుంచి 1042 దాకా ఏలిన కల్యాణి చాళుక్య రాజు. సుగ్గలదేవి కూడా శాసనాలకెక్కిన రాణియే. పాత్రలు చారిత్రకమైనవి కనుక కథ యావత్తూ చరిత్రేనని నమ్మడం సులభమయింది.

పటాన్‌చెరువులో దొరికిన తీర్థంకర శిల్పాలు వేరే మాట చెబుతున్నాయి. నల్లరాతిలో చెక్కిన వీటిని పండితులు 12వ శతాబ్దానివిగా నిర్ణయించారు. అంటే జయసింహుడు పోయిన చాలా కాలానికి కూడా అక్కడ జైన విగ్రహాలు చెక్కించేవారున్నారు, చెక్కే శిల్పులున్నారు, పూజించే జనమూ ఉన్నారు. శైవ, జైన ఘర్షణ జరగలేదని నేననను. కావ్యం చాటిన సంపూర్ణ విజయం మాత్రం చరిత్ర కాదు, మత ప్రచారకుని కోరిక. కింది కులాలకు గుడి వాకిలి తెరిచిన ఉద్యమమే పరమతం మీద కత్తి దూసింది. ఈ రెండింటినీ కలిపి చూడని విమర్శ సగం విమర్శే.

1914లో నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ ఏర్పడి, గులాం యాజ్దానీ దాని బాధ్యత వహించకపోతే ఇటువంటి రాళ్ళు ఎన్ని మిగిలేవో! 1930లో మ్యూజియంగా తెరిచిన ఆ గుమ్మటాల భవనం తానే ఒక చారిత్రక కట్టడం. భవనాన్ని మెచ్చుకుంటాం; ఆవరణలో ఆరుబయట నిలిచిన శిల్పాలను తోటకు అలంకారమనుకొని దాటిపోతాం. కురిక్యాల బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన కంద పద్యాలు నన్నయకు ముందే తెలుగులో జైనుల పలుకు ఉన్నదని నిరూపించాయి. అదీ రాయి ఇచ్చిన సాక్ష్యమే.

సంగారెడ్డి ప్రాంతంలో నేను పాఠం చెప్పే పిల్లలకు పటాన్‌చెరువంటే ఫ్యాక్టరీ షిఫ్టులు, నక్కవాగు మురికినీరు. తమ ఊరు ఒకనాటి రాజధాని అనీ, తెలుగు కావ్యానికెక్కిందనీ వారికి చెప్పినవారు లేరు. బసవపురాణం బోధించే అధ్యాపకులు ఒక్కరోజు విద్యార్థులను ఆ విగ్రహాల ముందు నిలబెట్టాలి. గెలిచినవారి కావ్యాన్నీ, ఓడారని చెప్పబడినవారి శిల్పాన్నీ పక్కపక్కన పెట్టి చదివించాలి.