వెతకడం కోసం కట్టిన గిడ్డంగి

2000 మార్చి. కాలిఫోర్నియాలో గూగుల్ ఆఫీసు. ఆరుగురు ఇంజనీర్లు ఓ గదిలో చేరి తలలు పట్టుకుని కూర్చున్నారు. వెబ్ పేజీలను సేకరించి ఇండెక్సు తయారుచేసే వాళ్ల యంత్రాంగం అంతకుముందు అక్టోబరు నుంచి మొరాయిస్తోంది. జనం వెతుకుతూనే ఉన్నారు, జవాబులు మాత్రం ఐదు నెలల కిందటి వెబ్ నుంచి వస్తున్నాయి. సరిగ్గా ఆ సమయంలోనే యాహూకు సెర్చి సరఫరా చేసే పెద్ద ఒప్పందం ముందుకొచ్చింది. దానికి ఇండెక్సు ఎన్నో రెట్లు పెరగాలి. ఉన్న ఇండెక్సుకే దిక్కు లేదు.

వాళ్లలో జెఫ్ డీన్, సంజయ్ ఘెమావత్ అని ఇద్దరు జోడీగా పనిచేసేవారు. సంజయ్ పెరిగింది మన రాజస్థాన్‌లోని కోటాలో. అక్షరక్రమంలో ఉండాల్సిన మాటలు ఇండెక్సులో అక్కడక్కడా తారుమారవుతున్నాయని ఇద్దరూ గమనించారు. ప్రోగ్రామంతా గాలించినా తప్పు దొరకలేదు. ఇక లాభం లేదని ఒకట్లు, సున్నాలనే తెర మీద పరుచుకుని కూర్చున్నారు. సున్నా ఉండాల్సిన చోట ఒకటి కనిపించింది. రాసిన ప్రోగ్రాము సరిగ్గానే ఉంది, చెడిపోయింది మెమరీ చిప్పు. ఖర్చు తగ్గించుకోవడానికి చవక విడిభాగాలతో కట్టుకున్న కంప్యూటర్లవి. తన తప్పును తానే పసిగట్టే రకం మెమరీ వాటిలో లేదు.

ఇలాంటప్పుడు ఎవరైనా మంచి కంప్యూటర్లు కొనుక్కుంటారు. గూగుల్ చవకవాటినే ఉంచుకుంది. ఏ యంత్రమైనా, ఎప్పుడైనా చెడిపోతుందని ముందే ఒప్పేసుకుని, ఆ లెక్కలోనే సాఫ్ట్‌వేరు రాయడం మొదలుపెట్టింది. తరువాతి కథంతా ఈ మొండితనం నుంచి పుట్టిందేనని నా నమ్మకం.

ఆ ఆలోచన పూర్తి రూపాన్ని 2003 అక్టోబరులో ఒక పరిశోధన పత్రంగా లోకం ముందు పెట్టారు సంజయ్ ఘెమావత్, హోవర్డ్ గోబియాఫ్, షున్-టాక్ లియంగ్. పేరు గూగుల్ ఫైల్ సిస్టమ్. ఎంత పెద్ద ఫైలునైనా 64 ఎంబీల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కకు మూడు నకళ్లు తీసి మూడు వేర్వేరు కంప్యూటర్లలో పెడతారు. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే మాస్టర్ కంప్యూటరు ఒక్కటే ఉంటుంది. అయితే ఫైలు దాని గుండా పోదు. అది చిరునామా చెప్పి తప్పుకుంటుంది, అడిగినవాళ్లు నేరుగా ఆ కంప్యూటరు దగ్గరికే వెళ్లి ముక్క తెచ్చుకుంటారు.

ఒక్క మాస్టర్‌తో ఇంత సంసారం ఎలా సాగుతుందని అప్పట్లో చాలామందికి అనుమానం. లెక్క వేసి చూడండి. ఒక ముక్క వివరాలకు మాస్టర్ మెమరీలో 64 బైట్లు కూడా పట్టవు. పది లక్షల జీబీల సమాచారాన్ని 64 ఎంబీల చొప్పున కోస్తే సుమారు కోటీ అరవై లక్షల ముక్కలవుతాయి. వాటన్నిటి చిరునామాలకూ కలిపి ఒక్క జీబీ మెమరీ చాలు. ముక్క అంత పెద్దదిగా ఉండటంలోని కిటుకు ఇదే. నాలుగు కేబీల ముక్కలుగా కోసి ఉంటే మాస్టర్ మొదటి రోజే కుప్పకూలేది.

ఆ పత్రంలో నాకు బాగా నచ్చే ప్రయోగం ఒకటుంది. 227 సర్వర్ల క్లస్టరులో కావాలనే ఒకదాన్ని చంపేశారు. అందులో దాదాపు 15,000 ముక్కలు, 600 జీబీల సమాచారం ఉంది. మిగతా సర్వర్లు తమ దగ్గరున్న నకళ్ల నుంచి కొత్త నకళ్లు తీసుకుని 23.2 నిమిషాల్లో లోటు భర్తీ చేసేశాయి. తరువాత ఒకేసారి రెండింటిని చంపారు. ఈసారి 266 ముక్కలకు ఒక్కో నకలే మిగిలింది. మాస్టర్ వాటిని ముందు వరసలోకి తెచ్చి, రెండు నిమిషాల్లోపే రెండో నకలు తీయించింది. ప్రమాదం ఎక్కువున్న ముక్కకు ముందు వైద్యం అందింది, మనిషి చెయ్యి పడకుండానే.

ఇక ఈ కథలో రెండో పాయ. డగ్ కటింగ్ అనే ప్రోగ్రామరు జెరాక్స్ పరిశోధన కేంద్రంలో, ఆపిల్‌లో, ఎక్సైట్‌లో సెర్చి సాఫ్ట్‌వేరు మీదే పనిచేసినవాడు. 1997లో సొంతంగా ఒకటి రాసుకుని దానికి భార్య పేరులోని మధ్య మాట పెట్టాడు: లూసీన్. 2000లో ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశాడు. ఏ మాట ఏయే పత్రాల్లో ఉందో ముందే రాసిపెట్టుకునే జాబితా దాని గుండెకాయ. కొత్త పత్రం వచ్చినప్పుడల్లా ఆ జాబితాను మొదటినుంచీ తిరగరాస్తే పని తెమలదు. అందుకని కొత్తవాటికి చిన్న జాబితాలు విడిగా రాసి, తీరిగ్గా వాటిని పెద్దవాటిలో కలుపుతూ పోతుంది. ఈ దారిలో కటింగ్ 1990లోనే, జాన్ పెడర్సన్‌తో కలిసి ఒక పత్రం రాశాడు. ఆ పద్ధతిని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

2002లో కటింగ్, మైక్ కాఫరెల్లా కలిసి నచ్ మొదలుపెట్టారు. వెబ్ మొత్తాన్నీ వెతికే సెర్చి ఇంజనును ఉచితంగా, అందరి కళ్ల ముందు కట్టాలని వాళ్ల ఆశ. 2003 జూన్ నాటికి పది కోట్ల పేజీలతో పనిచేయించి చూపించారు కూడా. అక్కడ ఆగిపోయింది. వంద కోట్ల పేజీలకు వెళ్లాలంటే యంత్రాలకు ఐదు లక్షల డాలర్లు, ఆపైన నెలకు 30 వేలు కావాలని అంచనా. డబ్బు సంగతి అలా ఉంచి, ఏ ఫైలు ఏ డిస్కులో ఉందో మనిషి చూసుకోవాల్సిన పరిస్థితి. వెతకడం తెలిసినవాళ్లకు దాచడం తెలియలేదన్నమాట.

గూగుల్ పత్రం చేతికి వచ్చింది అప్పుడే. అందులో ఒక్క వరస కోడ్ లేదు, కట్టుబడి వివరమంతా ఉంది. దాన్ని చదివి ఇద్దరూ 2004లో జావాలో సొంతంగా ఒక ఫైల్ సిస్టమ్ రాసేశారు. ఆ ఏడాది చివర్లో డీన్, ఘెమావత్‌ల మ్యాప్‌రెడ్యూస్ పత్రం వచ్చింది. సమాచారాన్ని ప్రోగ్రాము దగ్గరికి మోసుకురాకుండా, సమాచారం ఉన్న కంప్యూటరుకే ప్రోగ్రామును పంపే పద్ధతి అది. 2005లో అదీ నచ్‌లో చేరింది. 2006లో కటింగ్ యాహూలో చేరాక, దాచే భాగాన్నీ లెక్కచేసే భాగాన్నీ నచ్ నుంచి విడదీసి వేరే ప్రాజెక్టు చేశారు. కొడుకు ఆడుకునే పసుపు పచ్చ ఏనుగు బొమ్మ పేరే దానికీ పెట్టాడు కటింగ్: హడూప్. తరువాతి పదేళ్లలో హైదరాబాదు అమీర్‌పేటలో శిక్షణ కేంద్రాల మెట్ల పక్క గోడలన్నిటి మీదా కనిపించిన పేరు ఇదే.

ఇంతా చేస్తే హడూప్‌కు ఒక పెద్ద లోటు. కొండంత సమాచారాన్ని దాస్తుంది, మొత్తం చదివి లెక్క తేల్చి పెడుతుంది. ఫలానా పేజీ ఒక్కటి తీసివ్వమంటే మాత్రం నీళ్లు నములుతుంది. వెతకడం కోసం పుట్టిన గిడ్డంగి వెతకలేకపోయింది.

దీనికీ దారి గూగుల్ నుంచే వచ్చింది. 2006లో బిగ్‌టేబుల్ పత్రం అచ్చయింది. కొత్తగా వచ్చిన సమాచారం ముందు మెమరీలో వరసగా పేరుకుంటుంది. నిండాక అది మార్పులేని ఫైలుగా డిస్కులోకి దిగుతుంది. అలాంటి ఫైళ్లు ఎక్కువైతే కలిపి ఒకటి చేస్తారు. లూసీన్ చిన్న జాబితాలు గుర్తొచ్చాయా? రెండు వేర్వేరు దారుల్లో నడిచినవాళ్లు ఒకే ఉపాయం దగ్గరికి చేరారు. బిగ్‌టేబుల్‌లో మరో ముచ్చట, సైటు పేరును తిరగేసి రాయడం. మ్యాప్స్.గూగుల్.కామ్ అనేది కామ్.గూగుల్.మ్యాప్స్ అవుతుంది. మనం ఇంటిపేరు ముందు రాసుకున్నట్టే. ఒక ఇంటివాళ్లంతా వరసలో పక్కపక్కనే ఉంటారు, ఒక్క చదువుతో అందరూ దొరుకుతారు. మరుసటి ఏడాదే దీని ఉచిత రూపం హెచ్‌బేస్ వచ్చింది. దానికి తొలి కోడ్ రాసినవాడు మళ్లీ కాఫరెల్లాయే. దాన్ని పెంచి పోషించిన పవర్‌సెట్ కూడా సెర్చి కంపెనీయే.

హెచ్‌బేస్ లాంటి డేటాబేసు చేతికి రాగానే ఆశ పుడుతుంది: ఫోటోలు, స్కాన్లు, వీడియోలు అన్నీ ఇందులోనే పడేస్తే పోలా? పడేసి చేతులు కాల్చుకున్నవాళ్లు చాలామంది. ఫైళ్లను కలిపి తిరగరాయడం హెచ్‌బేస్‌కు నిత్యకృత్యం. ఐదు ఎంబీల ఫోటో అందులో ఉంటే, అది మారకపోయినా కలిపిన ప్రతిసారీ తిరగరాయాలి. డిస్కులకు ఆ చాకిరీతోనే సరిపోతుంది. 2018లో వచ్చిన రెండో హెచ్‌బేస్ దీన్ని చక్కదిద్దింది. 100 కేబీలు దాటిన సరుకును వేరే ఫైళ్లలో ఉంచి, పట్టికలో దాని ఆచూకీ మాత్రమే రాస్తుంది. మాంగోడీబీ అనే ఇంకో డేటాబేసులో ఒక పత్రం 16 ఎంబీలు మించరాదు. అంతకన్నా పెద్దదైతే అందులోని గ్రిడ్‌ఎఫ్ఎస్ దాన్ని 255 కేబీల ముక్కలు చేసి, ముక్కలు ఒక పట్టికలో, వివరాలు ఇంకో పట్టికలో రాస్తుంది. 256 కాకుండా 255 ఏమిటంటారా? మొదట్లో 256 ఉండేది. ముక్కతోపాటు ఉండే గుర్తింపు వివరాలు చేరేసరికి కొలత కొద్దిగా పొంగి, ఆ ముక్కకు రెట్టింపు గది కేటాయించాల్సి వచ్చేది. ఒక్క కేబీ తగ్గించి గండం గట్టెక్కారు.

చిన్న ఫైళ్ల బాధ దీనికి తిరగేసినది. 2010లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు తమ ఫోటోల గిడ్డంగి హేస్టాక్ గురించి రాసేనాటికి వాళ్ల దగ్గర 26,000 కోట్ల బొమ్మల ఫైళ్లున్నాయి. ఒక్క ఫోటో తీయాలంటే పేరు వెతకడానికోసారి, వివరాలకోసారి, బొమ్మ కోసం ఇంకోసారి డిస్కు తిరగాలి. అందుకని లక్షల ఫోటోలను ఒకే మహా ఫైలులో వరసగా పేర్చి, ఏది ఎక్కడ మొదలవుతుందో మెమరీలో ఉంచుకున్నారు. ఫోటోకు ఒక్కసారి డిస్కు తిరిగితే చాలు. చిన్న ఫైళ్ల చిక్కు కూడా పెద్ద ఫైలుతోనే తీరింది.

ఇక మిగిలింది ఫైలు లోపలి మాటల్ని వెతకడం. షే బానన్ అనే ప్రోగ్రామరు లండన్‌లో వంట నేర్చుకుంటున్న భార్య కోసం వంటకాలు వెతికే సాఫ్ట్‌వేరు రాయబోయి లూసీన్‌లో పడ్డాడు. 2010లో అది ఎలాస్టిక్‌సెర్చ్ అయింది. ఇండెక్సును భాగాలు చేసి కంప్యూటర్లకు పంచుతుంది. ప్రతి భాగం దానికదే ఒక పూర్తి లూసీన్ ఇండెక్సు. ప్రశ్న అన్నిటికీ వెళుతుంది, ఒక్కొక్కటి తన దగ్గరున్న మేలైన జవాబులు పంపుతుంది, ఒక కంప్యూటరు వాటిని కలిపి వరస చేసి ఇస్తుంది. ఆయన భార్యకు మాత్రం ఆ వంటకాల సాఫ్ట్‌వేరు ఇంకా అందలేదని ఆ కంపెనీయే నవ్వుతూ చెప్పుకుంటుంది. పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్ల పొట్టలోంచి పాఠాన్ని బయటికి లాగే టికా కూడా నచ్ సంతానమే, 2007లో వేరు కాపురం పెట్టింది.

ఇన్నేళ్ల అనుభవంలో తేలిన కట్టుబడి ఇది: ఫైలు ఒళ్లు ముక్కల గిడ్డంగిలో, దాని ఆచూకీ డేటాబేసులో, దాని మాటలు సెర్చి ఇండెక్సులో. మూడింటినీ ఒకే చోట కుక్కాలని చూసినవాళ్లలో చాలామంది చివరికి విడదీసుకున్నారు.

లూసీన్‌లో ఇప్పుడు తెలుగు మాటల చివరి ప్రత్యయాలను తీసేసి మూలపదాన్ని పట్టుకునే విభాగం కూడా ఉంది. కానీ దానికి అక్షరాలు కావాలి, అక్షరాల ఫోటోలు పనికిరావు. పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెడుతున్న పెద్దలకు ఒక విన్నపం. బొమ్మల పీడీఎఫ్‌తో ఆపకండి. ఆ పేజీలను అక్షరాలుగా గుర్తించే సాఫ్ట్‌వేరు తెలుగుకూ ఉంది, తప్పులు పడినా సరే, ఆ పాఠాన్ని కూడా పక్కన పెట్టండి.