వీధి తలుపుకి తాళం, పెరటి తలుపు బార్లా

దొంగల భయంతో బీరువాకి తాళం వేసి, చెవి ఎక్కడ పెట్టామో మనమే మరిచిపోయి, ఆఖరికి తాళాలవాణ్ణి పిలిపించుకోని ఇల్లుందా, చెప్పండి? అలాంటి తాళమే ఒకటి 1990లో ఇంగ్లండులో ఒక కంప్యూటరుకి వేశారు. తాళమంటే ఇనప తాళం కాదు, చిటికెనవేలంత చిప్పు. కంప్యూటర్ల గొడవ మనకెందుకు అనకండి. ఇందులో వ్యాపారం ఉంది, అనుమానం ఉంది, పిల్లల అల్లరీ ఉంది.

అప్పట్లో ఆమ్‌స్ట్రాడ్ కంపెనీ అధిపతి అలన్ షుగర్. పేరులో చక్కెర ఉందే గానీ బేరం దగ్గర గట్టి పిండం. 1984లో ఆయన సీపీసీ 464 అనే కంప్యూటరు తెచ్చాడు. తెర, కీబోర్డు, క్యాసెట్ రికార్డరు అన్నీ కలిపి, గోడకి ఒక్కటే ప్లగ్గు. ఆకుపచ్చ తెరతో 249 పౌన్లు. ఇంగ్లండు, ఫ్రాన్సు, స్పెయిన్ దేశాల్లో బాగా అమ్ముడుపోయింది. ఆటలు క్యాసెట్ల మీద వచ్చేవి. ఇక్కడ మనం సినిమా పాటలు ఖాళీ క్యాసెట్ల మీద రికార్డు చేయించుకున్న రోజులే అవి! రెండు క్యాసెట్లు పట్టే టేప్ రికార్డరుంటే చాలు, ఒకడు కొన్న ఆట సాయంత్రానికి క్లాసంతటికీ చేరేది. రాసినవాడి పొట్ట కొట్టడమే అది, కాదనలేం.

దీనికి విరుగుడు అప్పటికే నింటెండో కనిపెట్టింది. 1985లో అమెరికాకి తెచ్చిన ఆటపెట్టెలో ఒక చిప్పు, ప్రతి కార్ట్రిడ్జ్‌లో దాని జోడీ పెట్టింది. రెండూ ఒకే లెక్క చేస్తూ ఒకదానికొకటి అప్పజెప్పుకుంటూ ఉండాలి. లెక్క తప్పిందా, పెట్టె సెకనుకోసారి ఆగి మొదలవుతుంది, ఎర్రదీపం మిణుకు మిణుకు. చిత్రమేమిటంటే, డబ్బిచ్చి కొన్న కార్ట్రిడ్జ్ కొసలకి కాస్త దుమ్ము పట్టినా అదే శిక్ష! అటారీ గేమ్స్ వాళ్లు ఆ లెక్క తెలుసుకోవాలని 1988లో ఏకంగా కాపీరైటు ఆఫీసుకే వెళ్లి, లేని కోర్టు దావా ఉందని చెప్పి, ప్రోగ్రాము నకలు తెచ్చుకున్నారు. అచ్చం అలాగే జవాబు చెప్పే చిప్పు చేసి దానికి ‘కుందేలు’ అని పేరు పెట్టుకున్నారు. 1992లో అప్పీలు కోర్టు నింటెండో వైపే మాట్లాడింది. అన్నట్టు, జపానులో అమ్మిన నింటెండోకి ఈ తాళమే లేదు. 1990లలో మన పిల్లలు టీవీకి తగిలించుకుని మారియో ఆడిన చవక సెట్లు చాలామటుకు ఆ జపాను రకానికి నకళ్లే.

ఇదంతా చూసిన ఆమ్‌స్ట్రాడ్ 1990లో 464 ప్లస్, 6128 ప్లస్ అనే కంప్యూటర్లు, జీఎక్స్ 4000 అనే ఆటపెట్టె దింపింది. మూడింటికీ కార్ట్రిడ్జ్ గూడు. కార్ట్రిడ్జ్‌లో తాళం చిప్పు, పేరు యాసిడ్! మన బాత్‌రూము యాసిడ్ కాదు లెండి, కార్ట్రిడ్జ్‌ని గుర్తుపట్టే సాధనం అన్న ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు. యంత్రం అడిగినదానికి ఇది సరైన జవాబు చెప్పకపోతే ఆట నడవదు. పైగా కంప్యూటరుకి ప్రాణమైన బేసిక్ భాషని కూడా లోపలినుంచి తీసి కార్ట్రిడ్జ్‌లోకి మార్చారు. ఆ కార్ట్రిడ్జ్ పోతే కంప్యూటరు కళ్లే తెరవదు. ఇల్లాలి తాళిబొట్టు కూడా బ్యాంకు లాకర్లో పెట్టినట్టు!

మరి క్యాసెట్టు ఆటని కార్ట్రిడ్జ్‌లోకి ఎక్కించడం ఎలా? వినడానికి సులువే గానీ చేసేవాడికి తల ప్రాణం తోకకొస్తుంది. కంప్యూటరు జ్ఞాపకశక్తి పలకలాంటిది, రాయొచ్చు, చెరపొచ్చు. కార్ట్రిడ్జ్ అచ్చుపుస్తకం, చదువుకోవడమే. పాత ఆటలు పలకని నమ్ముకుని రాసినవి. చోటు చాలక ఆడుతూ ఆడుతూనే తమ మాటల్ని తామే చెరిపి రాసుకునే ప్రోగ్రాములు కోకొల్లలు. వాటిలో ఏ ముక్క పుస్తకంలో ఉండొచ్చు, ఏ ముక్కని ముందుగా పలక మీదకి ఎత్తి రాయాలి అని ఒక్కొక్కటే ఏరుకోవాలి. పుస్తకం మొత్తం 512 కిలోబైట్లు, 16 కిలోబైట్ల చొప్పున 32 పేజీలు. యంత్రం అన్నింటినీ ఒక్కసారే చూడలేదు, పేజీలు తిప్పుతూ ఉండాలి. క్యాసెట్టు నుంచి తెచ్చుకునే భాగమంతా తీసేయాలి. ఇంకో తంటా, జీఎక్స్ 4000కి కీబోర్డే లేదు! ఆట మధ్యలో ‘ఫలానా మీట నొక్కండి’ అంటే నొక్కడానికేముంది? అవన్నీ వెదికి చేతిలో ఉండే రెండు మీటలకి సరిపెట్టాలి. లాభమూ లేకపోలేదు. నిమిషాల తరబడి క్యాసెట్టు తిరగడం కోసం కూర్చోనక్కర్లేదు, మీట నొక్కగానే ఆట.

అంత కష్టపడి చాలా కంపెనీలు చేసిందేమిటంటే, పాత ఆటనే పాత రంగులతో ఎక్కించేశాయి. కొత్త యంత్రం 4096 రంగుల్లోంచి ఎంచుకోగలదు, పాతదానికి 27 మాత్రమే. క్యాసెట్టు మీద 3.99 పౌన్లకి దొరికే ఆటకి కార్ట్రిడ్జ్ మీద 25 పౌన్లు! 464 ప్లస్‌లోనేమో కార్ట్రిడ్జ్ గూటి పక్కనే మామూలు క్యాసెట్ రికార్డరు ఉంది. ఆ చవక క్యాసెట్టు అందులో హాయిగా ఆడుతుంది. వీధి తలుపుకి ఇంత తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచిపెట్టడం కాకపోతే ఏమిటి? దొంగ ఆ దారినే పోయాడు. ఆగింది ఇంట్లో కూర్చుని సరదాగా ఆట రాసే కుర్రాళ్లు. క్యాసెట్టు మీద రాసి పదిమందికి అమ్ముకున్నవాళ్లకి ఈ చిప్పు ఎక్కణ్ణుంచి వస్తుంది? 99 పౌన్ల ఆటపెట్టెకి వచ్చిన ఆటలు రెండు డజన్ల పైచిలుకు. ఏడాది తిరక్కుండానే అంగళ్లలో దాని ఊసు సన్నగిల్లింది.

కంపెనీ వదిలేసింది గానీ ప్రేమించినవాళ్లు వదల్లేదు. ఫ్రాన్సులోనూ ఇంగ్లండులోనూ ఆ కుర్రాళ్లే పెద్దవాళ్లై, తమకి నచ్చిన పాత ఆటల్ని కార్ట్రిడ్జ్‌ల్లోకి మార్చుకోవాలనుకున్నారు. ఆట మార్చగలరు, యాసిడ్ చిప్పు ఎక్కడ తేవాలి? బజార్లో లేదు. దాంతో ఒక నిజమైన కార్ట్రిడ్జ్‌ని విప్పి, లోపలి ఆట చిప్పుని టంకం కరిగించి తీసి, యాసిడ్‌ని మాత్రం ఉంచి, ఖాళీ అయిన చోట తమ చిప్పు పెట్టుకునేవారు. ఎక్కువగా దొరికేది యంత్రంతో పాటు ఊరికే ఇచ్చిన బర్నింగ్ రబ్బర్ అనే కార్ల పందెం కార్ట్రిడ్జ్, కాబట్టి బలయ్యేదీ అదే. ఒక కొత్త ఆట పుట్టాలంటే ఒక పాత కార్ట్రిడ్జ్ చావాలి.

తర్వాత యాసిడ్ ఏ ప్రశ్నకి ఏ జవాబు చెబుతుందో ఓపిగ్గా కొలిచి, ఆ జవాబులు చవకబారు చిప్పుకి నేర్పేశారు. బలులు ఆగిపోయాయి. ఇప్పుడైతే మెమరీ కార్డు దూర్చే కార్ట్రిడ్జ్‌లు కూడా వచ్చాయి. 1980లలో క్యాసెట్టు మీద తప్ప రాని ఆటలు వాటిలో ఎక్కించుకుంటున్నారు. యంత్రం మాత్రం మునుపటిలాగే తన ప్రశ్న అడుగుతూనే ఉంది.