ఫ్లాపీ బిళ్లల కాలము

లేఖనసాధనములకును ఆయుర్దాయము గలదు. శిలపై చెక్కిన శాసనము వేయేండ్లు నిలుచును. రాగిరేకు భూమిలో దాగియుండియు నక్షరములను కాపాడును. తాటియాకు కొన్ని వందల యేండ్లకు పురుగుల పాలగును. మన కాలముననే పుట్టి, మన కాలముననే మూలబడిన సాధన మొకటి గలదు. అది ఫ్లాపీ బిళ్ల. దాని చరిత్ర నలువది యేండ్లది మాత్రమే యైనను, గ్రంథరక్షణమునం దాసక్తి గలవారు తెలిసికొనదగిన విశేషము లందు పెక్కులు గలవు.

తొలినాళ్లలో కంప్యూటరునకు తెర లేదు. 1963లో వెలువడిన టెలిటైప్ మోడల్ 33 వంటి యంత్రముపై ఆజ్ఞను టైపు చేయగా, సమాధానము కాగితముపై అచ్చుపడుచుండెను. పిమ్మట తెర గల టెర్మినళ్లు వచ్చెను. 1978 నాటి వి.టి. 100 టెర్మినల్ తెరపై పంక్తికి 80 అక్షరముల చొప్పున 24 పంక్తులు పట్టుచుండెను. ఈ 80 సంఖ్య ఐ.బి.యం. వారు 1928లో రూపొందించిన రంధ్రముల కార్డునుండి సంక్రమించినది. ఆ కార్డునందు 80 నిలువు వరుసలు గలవు. కార్డు పోయినను దాని కొలత తెరపై నిలిచెను.

ఫ్లాపీ బిళ్లయు ఐ.బి.యం. వారి సృష్టియే. 1967లో కాలిఫోర్నియాలో ప్రారంభమైన ప్రయత్నము 1971లో ఫలించెను. పలుచని ప్లాస్టికు బిళ్లపై ఇనుప ఆక్సైడును పూసి, దానిని చతురస్రమైన తొడుగులో నుంచిరి. తొలి బిళ్ల 8 అంగుళములు. 1976లో అయిదుంబాతిక అంగుళముల బిళ్లయు, 1981లో సోనీ వారి మూడున్నర అంగుళముల బిళ్లయు వచ్చెను.

1981లోనే ఐ.బి.యం. వారి పర్సనల్ కంప్యూటర్ వెలువడెను. డాస్ బిళ్లను లోనికి త్రోసి యంత్రమును నడుపగా, తెరపై 'ఏ' యను నాంగ్లాక్షరమును, దాని ప్రక్క నొక బాణపు ములుకును కనబడును. అది యంత్రము ఆజ్ఞకై వేచియున్నదనుటకు గుర్తు. 'డైర్' అనిన బిళ్లలోని ఫైళ్ల పట్టిక వచ్చును. 'కాపీ' అనిన ప్రతి తయారగును. 'ఫార్మాట్' అనినచో బిళ్ల మరల వ్రాతకు సిద్ధమగును, ఉన్న వ్రాత పోవును. ఒక యక్షరము తప్పినను యంత్రము ఆజ్ఞను గ్రహింపదు. రెండు బిళ్లల అరలకు ఏ, బీ యను పేర్లుండుటచే, తరువాత వచ్చిన హార్డ్ డిస్కునకు సీ యను పేరు కలిగెను. ఏ, బీ లు మాయమైనను ఆ పేరు నేటికిని మారలేదు.

బిళ్లలోని యేర్పాటు లెక్కల పుస్తకమును పోలియుండును. అయిదుంబాతిక అంగుళముల బిళ్లకు రెండు ముఖములు. ముఖమునకు 40 వలయములు. వలయమునకు 9 ఖండములు. ఖండమునకు 512 బైట్లు. హెచ్చవేసినచో 3,68,640 బైట్లగును. ఏ ఫైలు ఏ ఖండములలో నున్నదో తెలుపుటకు ప్రత్యేకమైన పట్టికయు గలదు. 'డెల్' అని చెరపినపుడు విషయము వెంటనే నశింపదు. పట్టికలో పేరులోని మొదటి యక్షరము మాత్రమే మారి, ఆ చోటు ఖాళీయని లెక్కకు వచ్చును. దానిపై మరియొక వ్రాత పడువరకు పాత విషయము నిలిచియేయుండును.

1998లో ఆపిల్ వారి ఐమాక్ ఫ్లాపీ అర లేకయే వెలువడెను. 2011లో సోనీ వారు జపానులో బిళ్లల విక్రయమును నిలిపివేసిరి. ఆ మరుసటి యేట అమెరికాలో నొక విశేషము జరిగెను. 1989 నాటి 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' యను ప్రసిద్ధ క్రీడను రచించిన జోర్డాన్ మెక్నర్, దాని మూలలిఖితము పోయినదని తలచియుండెను. అతని తండ్రికి పాత పెట్టెలో ఆ బిళ్లలు దొరికెను. పాత యంత్రములను భద్రపరచిన ఔత్సాహికుల సాయముచే 2012లో వానిని చదువగలిగిరి. బిళ్ల యుండినను, చదువు యంత్రమును, దాని నెరిగిన మనుష్యుడును లేనిచో ఆ లిఖితము దక్కెడిది కాదు.

తెలుగువ్రాత కీ యాపద రెండింతలు. డాస్ తెరపై తెలుగును చూపుటకు జిస్ట్ కార్డు వచ్చెను. 1991లో భారతీయ లిపుల కిస్కీ యను ప్రమాణ మేర్పడెను. అయినను అచ్చుపనికి వాడిన ఫాంట్లు పెక్కు తమతమ సొంత సంకేతములనే యనుసరించెను. ఆ ఫాంటు లేనిదే బిళ్ల చదువబడినను అక్షరములు అక్షరములుగా కనబడవు.

పందొమ్మిదవ శతాబ్దమున బ్రౌను దొర శిథిలమగుచున్న తాటియాకు ప్రతులను సేకరించి, పండితులచే కాగితములపై వ్రాయించెను. ఆకులు కాదు, ప్రతులెత్తిన చేతులే మన కావ్యములను పెక్కింటిని కాపాడినవి. బిళ్లలకును ధర్మ మదియే. ఏ యింటి పెట్టెలోనైనను అట్టి బిళ్లలున్నచో, వానిని చదువగల యంత్రము దొరుకు నంతలోనే ప్రతి యెత్తించుట కర్తవ్యము. గ్రంథములను పేర్చి యుంచుటతో గ్రంథాలయము పని తీరదు. వానిని ఒక తరము సాధనమునుండి మరియొక తరము సాధనమునకు చేర్చుటయు దాని పనియే.