లెక్కకు రాని ఎండ: అంకాపూర్ కళ్లం నుంచి ఐరోపా వాతావరణ చట్టం దాకా

ఆర్మూర్ పక్కనున్న అంకాపూర్ పేరు చెప్పగానే చాలామందికి నాటుకోడి కూర, రోడ్డు పక్కన కాల్చి అమ్మే మొక్కజొన్న కంకులు గుర్తుకు వస్తాయి. వ్యవసాయం తెలిసినవారికి ఎర్రజొన్న విత్తనం, పసుపు గుర్తుకు వస్తాయి. నాకు మాత్రం ఎండ గుర్తుకు వస్తుంది. జూన్‌లో నాటిన పసుపును జనవరి నుంచి మార్చి వరకు తవ్వుతారు. తవ్విన కొమ్మును ఉడకబెట్టాలి, ఉడికినదాన్ని రెండు వారాల దాకా కళ్లంలో ఎండబెట్టాలి, ఆపైన డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టాలి. మంట, ఆవిరి, ఎండ మూడూ ఒకే కూలి మీద పడే పని ఇది. సరిగ్గా వేసవి ముదిరే రోజుల్లోనే వస్తుంది. ఎన్ని క్వింటాళ్లు ఎండాయో, నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఏ రోజు ఏ ధర పలికిందో ప్రతి రైతు దగ్గరా లెక్క ఉంటుంది. అదే ఎండకు ఎంతమంది కూలీలు సొమ్మసిల్లి పడిపోయారో, వారిలో ఎంతమంది మళ్లీ లేవలేదో చెప్పే లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

ఆ లేని లెక్కకు ఒక చరిత్ర ఉన్నది. దాన్ని అర్థం చేసుకోవడానికి 2003వ సంవత్సరం మంచి ఆరంభం. ఆ ఏడాది ఎండ రెండు చోట్ల పెద్ద ఎత్తున ప్రాణాలు తీసింది. మే, జూన్ నెలల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు చనిపోయినవారి సంఖ్య వెయ్యి దాటింది. ఆగస్టులో పడమటి ఐరోపా వంతు వచ్చింది. ఆ తరువాత రెండు సమాజాలూ చేసిన పనులు వేరు.

ముందుగా నా సంగతి చెప్పుకోవాలి. ఆ మే నెలలో ఒక మధ్యాహ్నం, నేను పనిచేస్తున్న ఆసుపత్రికి అరవై దాటిన ఒక కూలి తల్లిని నువ్వుల చేను నుంచి ఎడ్లబండిలో తీసుకువచ్చారు. ఒళ్లు పొడిగా, పెనంలా కాలుతున్నది. థర్మామీటరులో పాదరసం 106 డిగ్రీల ఫారన్‌హీట్ దాటింది. పిలిస్తే పలకడం లేదు. తడిగుడ్డలు కప్పాము, సెలైన్ ఎక్కించాము, గంటలోపే ప్రాణం పోయింది. రిజిస్టరులో కారణం దగ్గర నేను ‘గుండె ఆగిపోవడం’ అని రాశాను. వడదెబ్బ అని రాస్తే పోలీసులకు కబురు పెట్టాలి, శవపరీక్ష జరగాలి. చీకటి పడకముందే ఇంటికి తీసుకుపోనివ్వమని కొడుకులు బతిమాలారు. ఆమెకు మునుపే రక్తపోటు ఉన్నది కాబట్టి నేను రాసినది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. గుండె ఆగిపోవడం మరణానికి కారణం కాదు, అదే మరణం అని వైద్య విద్యార్థికి మొదట్లోనే నేర్పుతారు. ఆ పాఠం తెలిసీ రాశాను. ఆ ఏడాది ప్రభుత్వం ప్రకటించిన అంకెలో ఆమె లేదు. నాలాంటి వైద్యులు రాసిన మరెన్ని పేర్లు అందులో లేవో!

ఇక ఫ్రాన్స్. 2003 ఆగస్టు రెండో వారంలో పారిస్‌లో ఉష్ణోగ్రత 39 సెల్సియస్ దాటింది. మన నిజామాబాద్ వారు వింటే నవ్వుకునే అంకె. కానీ అక్కడి దేహాలకు, ఇళ్లకు ఆ వేడి అలవాటు లేదు. రాత్రులు చల్లబడలేదు. జింకు రేకుల కప్పు కింది గదుల్లో ఒంటరి వృద్ధులు ఉన్నారు, వారి పిల్లలు ఆగస్టు సెలవులకు ఊళ్లు వెళ్లారు. శవాలను భద్రపరచే చోటు చాలక, పారిస్ శివారులోని రుంజిస్ టోకు మార్కెట్ శీతల గిడ్డంగిని వాడవలసి వచ్చింది. ప్రజారోగ్య డైరెక్టర్ జనరల్ లూసియన్ అబెన్‌హైమ్ పదవికి రాజీనామా చేశారు. చివరికి తేలినది: ఆ దేశంలో మూడు వారాల్లో దాదాపు 15,000 అదనపు మరణాలు. ఆ వేసవిలో ఐరోపా మొత్తం మీద 70,000కు పైగా అని తరువాతి అధ్యయనం తేల్చింది.

‘అదనపు’ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఈ వ్యాసానికంతటికీ అదే కీలకం. ఫ్రెంచి వారు ప్రతి శవం దగ్గరా నిలబడి ‘ఇతడు ఎండ వల్లనే పోయాడా?’ అని అడిగి ఆ అంకె తేల్చలేదు. ఆ దేశంలో ప్రతి మరణమూ 24 గంటల్లో స్థానిక పురపాలక కార్యాలయంలో నమోదు కావాలి. అంతకు ముందటి సంవత్సరాలలో అవే ఆగస్టు రోజుల్లో సగటున ఎంతమంది చనిపోయారు, ఈసారి ఎంతమంది చనిపోయారు, తేడా ఎంత? ఇంతే. ఎండ తన పేరు చెప్పుకొని చంపదు. గుండెజబ్బు రోగిని గుండె ద్వారా, మూత్రపిండాలు దెబ్బతిన్నవాడిని మూత్రపిండాల ద్వారా తీసుకుపోతుంది. శవపరీక్షలో కూడా ఇది వడదెబ్బేనని కచ్చితంగా చెప్పే గుర్తు దొరకదు. కాబట్టి విడివిడిగా లెక్కిస్తే ఎండ దాదాపు నిర్దోషిగా బయటపడుతుంది. ఊరి రిజిస్టరు మొత్తాన్ని చదివితేనే దొరుకుతుంది.

అంకె దొరికాక ఏమి చేశారు? 2004లో జాతీయ వడగాడ్పు ప్రణాళిక వచ్చింది. వాతావరణ శాఖ ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు ఇస్తే, ఏ రంగుకు ఏ అధికారి ఏమి చేయాలో అందులో రాసి ఉంటుంది. వృద్ధులు పురపాలక కార్యాలయంలో పేరు నమోదు చేసుకుంటే, ఎండ ముదిరిన రోజున ఫోను చేసి క్షేమం అడుగుతారు. ఒక పండుగ సెలవును పనిదినంగా మార్చి, ఆ ఆదాయాన్ని వృద్ధుల సంరక్షణకు కేటాయిస్తూ చట్టం కూడా చేశారు. మన దేశంలో సెలవు రద్దు చేసి బతికి బట్టకట్టగల ప్రభుత్వం ఏదో నాకు తెలియదు. 2006 జూలైలో మళ్లీ తీవ్రమైన ఎండలు వచ్చాయి. పాత అనుభవం ప్రకారం దాదాపు 6,400 అదనపు మరణాలు ఉండవలసినవి, సుమారు 2,000 వద్ద ఆగాయి. లెక్క ఉన్నది కాబట్టే మందు పనిచేసిందని తెలిసింది.

ఇది వైద్యం వైపు కథ. ఎండ ముదరడానికి మూలమైన కర్బన ఉద్గారాల విషయంలోనూ ఐరోపా పాలన ఇదే పద్ధతిలో పెరిగింది. రియో ఒప్పందం 1992లో కుదిరితే, 1993 జూన్‌లోనే ఐరోపా దేశాలు తమ ఉద్గారాలను ఏటా లెక్కకట్టి చూపాలన్న నిర్ణయాన్ని ఆమోదించాయి. 1997 క్యోటోలో, 1990 స్థాయి కంటే 8 శాతం తగ్గిస్తామని 15 దేశాలు కలిసి ఒప్పుకున్నాయి. మరుసటి ఏడు ఆ భారాన్ని తమలో తాము పంచుకున్నాయి: జర్మనీ 21 శాతం తగ్గించాలి, వెనుకబడిన పోర్చుగల్ 27 శాతం పెంచుకోవచ్చు. ఉమ్మడి కుటుంబంలో సంపాదించేవాడు ఎక్కువ వేసినట్టు.

తప్పులూ జరిగాయి. 2005లో కర్మాగారాలకు ఉద్గార అనుమతులు పంచి, మిగిలినవి అమ్ముకోవచ్చన్న మార్కెట్ తెరిచారు. 2006 వసంతంలో మొదటిసారి తనిఖీ చేసిన అంకెలు బయటకు రాగానే, అవసరం కంటే ఎక్కువ అనుమతులు పంచారని తేలి వాటి ధర కుప్పకూలింది. విమర్శకులు దీన్ని వైఫల్యం అన్నారు. నిజమే, వైఫల్యమే. అయితే సొంత కొలత సొంత పొరపాటును ఒక్క ఏడాదిలో బయటపెట్టిన వైఫల్యం అది. జ్వరం చార్టు లేని వార్డులో డాక్టరు తప్పు మందు ఇచ్చిన సంగతి రోగి పోయాక గానీ తెలియదు.

2018 డిసెంబరులో వచ్చిన పాలనా నిబంధన ఈ చార్టుకు పూర్తి రూపం ఇచ్చింది. ప్రతి సభ్య దేశమూ పదేళ్ల ఇంధన, వాతావరణ ప్రణాళిక ముసాయిదాను బ్రస్సెల్స్‌లోని కమిషన్‌కు పంపాలి. కమిషన్ అందులోని లోపాలను బహిరంగంగా చెబుతుంది. దేశం ఆ సూచనలను పాటించాలి, పాటించకపోతే ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలి. రెండేళ్లకోసారి ప్రగతి నివేదిక, ఏటా ఉద్గారాల పట్టిక. 2021 నాటి వాతావరణ చట్టం 2030కి 55 శాతం నికర తగ్గింపును, 2050కి నికర శూన్యాన్ని చట్టబద్ధ లక్ష్యాలుగా నిలిపింది. ప్రభుత్వాల మాట వినవలసిన అవసరం లేని 15 మంది శాస్త్రవేత్తల సలహా మండలినీ ఏర్పరచింది. సమయానికి ప్రణాళికలు ఇవ్వని దేశాలు అనేకం. 2024 జూన్ గడువునూ చాలా దేశాలు దాటేశాయి. కానీ ఎవరు దాటేశారో అందరికీ తెలుసు.

జవాబు చెప్పకపోతే ఏమవుతుందో స్విట్జర్లాండ్ చూసింది. ఆ దేశం యూరోపియన్ యూనియన్ సభ్య దేశం కాదు. కానీ స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం పరిధిలో ఉన్నది. సగటు వయసు డెబ్బై దాటిన స్విస్ స్త్రీల సంఘం ఒకటి అక్కడ దావా వేసింది. ఎండలకు ముందుగా పోయేది తామేనని, ప్రభుత్వం చేయవలసినంత చేయడం లేదని వారి వాదన. 2024 ఏప్రిల్ 9న వారు గెలిచారు. ఇంకా ఎంత ఉద్గారం విడుదల చేయవచ్చో దేశం లెక్కకట్టి పరిమితి పెట్టుకోకపోవడం న్యాయస్థానం ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి. లెక్క వేయకపోవడమే హక్కుల ఉల్లంఘనలో భాగమైంది. నా వయసువారికి ఆ తీర్పు చదవడం ఒక ధైర్యం.

అయినా ఐరోపాను ఆకాశానికెత్తే ఉద్దేశం నాకు లేదు. 2022 వేసవిలో అక్కడ ఎండ వల్ల 61,000కు పైగా మరణించారని అంచనా. శతాబ్దంన్నర పాటు బొగ్గు కాల్చి గాలిని వేడెక్కించిన దేశాలు నేడు తగ్గిస్తున్నది తమ పాత అప్పులో కొంత భాగమే. పసుపు ఉడకబెట్టే అంకాపూర్ కూలి ఆ అప్పులో పైసా వాడుకోలేదు, వడ్డీ మాత్రం కడుతున్నాడు.

మన వైపు చూద్దాం. 2008 జూన్ 30న వాతావరణ మార్పుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. ఎనిమిది మిషన్లు ఉన్నాయి: సౌరశక్తి, నీరు, హిమాలయాలు, వ్యవసాయం మొదలైనవి. ఆరోగ్యం పేరిట ఒక్కటీ లేదు. దానికి జాతీయ కార్యక్రమం 2019లో గానీ మొదలుకాలేదు. రాష్ట్ర ప్రణాళికలూ వచ్చాయి, తెలంగాణకు హైదరాబాదులోని ఎప్ట్రి సంస్థ తయారుచేసింది. నిజమైన మలుపు మాత్రం ఒక నగరం నుంచి వచ్చింది. 2010 మేలో అహ్మదాబాద్‌లో ఎండలు దాటాక, పరిశోధకులు ఫ్రెంచి పద్ధతిలోనే మరణాల రిజిస్టర్లను పోల్చి 1,344 అదనపు మరణాలు తేల్చారు. ఆ అంకె ఆధారంగానే 2013లో దక్షిణాసియాలో మొదటి వడగాడ్పు కార్యాచరణ ప్రణాళిక పుట్టింది. 2015లో దేశంలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోగా, వారిలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాలవారే. ఆ దెబ్బతో ఇక్కడా ప్రణాళికలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, చలివేంద్రాలు, పనివేళల మార్పు వచ్చాయి. వాటి వల్ల మేలు జరిగిందనే నా నమ్మకం.

కానీ మన లెక్క పద్ధతి మారలేదు. వడదెబ్బ మరణం అని అధికారికంగా తేల్చడానికి తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి ముగ్గురూ ఒప్పుకోవాలి. అటువంటి సంఘాల్లో నేనూ కూర్చున్నాను. మేము ముగ్గురం చూసేది ఒక శవాన్ని, ఒక దరఖాస్తును. ‘పరిహారానికి అర్హుడా’ అన్నదే మా ముందున్న ప్రశ్న, ‘ఈ మండలంలో ఈ నెల ఏమి జరిగింది’ అన్నది కాదు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర స్థాయి విపత్తుగా ప్రకటించి, పరిహారాన్ని 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. ఇది మంచి నిర్ణయం. అయితే డబ్బు పెరిగినకొద్దీ అనుమానమూ పెరుగుతుంది, అనుమానం పెరిగితే అంకె తగ్గుతుంది. ఇంకా విచిత్రం, వడదెబ్బ మరణాలపై కేంద్రంలో నేర గణాంకాల సంస్థది ఒక లెక్క, విపత్తుల సంస్థది ఒకటి, ఆరోగ్య శాఖది మరొకటి. మూడూ కలవవు. దేశంలో వైద్యుడు కారణం ధ్రువీకరించే మరణాలు 2020 నాటికి నాలుగింట ఒకటి కూడా లేవు.

చేయగలిగిన పని మన చేతిలోనే ఉన్నది. గ్రామ పంచాయతీలో జనన మరణాల రిజిస్టరు ఉన్నది, చట్టం 1969 నాటిది. రాష్ట్ర ప్రణాళికా సంస్థ వారి ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి, మండలంలో ఏ రోజు ఎంత ఎండ కాసిందో గంట గంటకూ చెబుతాయి. ఒక్క ఊరి మరణాల్లో ధోరణి కనిపించదు గానీ, ఆర్మూర్ డివిజన్ మొత్తానికి పదేళ్ల ఏప్రిల్, మే మరణాలను ఉష్ణోగ్రత పక్కన పెడితే తప్పక కనిపిస్తుంది. శ్రద్ధ ఉన్న ఒక పీజీ విద్యార్థికి ఒక వేసవి పని. ఎవరైనా పూనుకుంటే కూర్చుని చదవడానికి నాకు ఓపిక ఉన్నది.

అంతవరకు పాఠకులకు ఒక మనవి. ఎండలో పనిచేస్తున్న మనిషి తడబడి మాట్లాడినా, తూలినా, చెమట ఆగిపోయినా వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి. ఆసుపత్రికి చేరగానే ముందు జ్వరం చూడమని అడగండి, ఎందుకంటే గంట తరువాత చూస్తే ఒళ్లు చల్లబడి ఆధారం పోతుంది. ఎక్కడ, ఎన్ని గంటల నుంచి, ఏ పని చేస్తూ పడిపోయారో డాక్టరుకు చెప్పి, కేస్ షీటులో రాయించండి. మరణమే సంభవిస్తే కారణాల పత్రంలో రెండో భాగం ఒకటి ఉంటుంది, తోడ్పడిన పరిస్థితులు రాసే చోటు. అక్కడ ‘తీవ్రమైన ఎండలో పని’ అని రాయడానికి పోలీసులు, సంఘాలు అక్కర లేదు. యువ వైద్యులకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆ నువ్వుల చేను తల్లికి నేను రాయనిది ఆ ఒక్క వాక్యమే.