మాంటేగ్యూ డ్యూకు పీఠారోహణము - రెండు సాక్ష్యములు

ఒక సంస్థ తన పుట్టుకనుగూర్చి తాను చెప్పుకొనిన కథను చరిత్రకారుడు ఎంతవరకు విశ్వసింపవచ్చును? ఈ ప్రశ్నకు ఇంగ్లండులోని ఫ్రీమేసను సంఘముయొక్క తొలినాటి చరిత్ర చక్కని ఉదాహరణము. 1721 జూన్ 24వ తేదీన, బాప్తిస్మమిచ్చు యోహాను పండుగనాడు, లండను నగరమునందలి స్టేషనర్సు హాలులో మాంటేగ్యూ డ్యూకు గ్రాండు మాస్టరుగా ఎన్నికైన ఉత్సవమును ఇందు పరిశీలింపదలచితిమి.

ఈ ఉత్సవమునకు ముఖ్యసాక్ష్యములు రెండు. మొదటిది జేమ్సు ఆండర్సను అను మతాచార్యుడు 1738లో ప్రకటించిన సంఘనిబంధనల గ్రంథము. రెండవది విలియం స్టూక్లీ అను వైద్యుని దినచర్య. ఆండర్సను సంఘానుమతితో, పదునేడేండ్ల తరువాత వ్రాసెను. స్టూక్లీ తన కొరకు తాను వ్రాసికొనెను.

ఆండర్సను కథనము ప్రకారము సభ్యులు కింగ్సు ఆర్మ్సు అను పానశాలనుండి ఊరేగింపుగా హాలునకు వచ్చిరి. భోజనానంతరము పూర్వపు గ్రాండు మాస్టరు జార్జి పేయిను సభాభవనమును చుట్టి వచ్చి, మాంటేగ్యూ పేరును ఎలుగెత్తి చాటి, అధికారచిహ్నములను అలంకరించి, సొలొమోను పీఠముపై కూర్చుండబెట్టెను. డ్యూకు డాక్టరు బీలును తనకు ఉపాధికారిగా నియమించెను. డెసాగులియేరు ఉపన్యసించెను.

స్టూక్లీ వ్రాత మిక్కిలి క్లుప్తము. హాలులో విందు జరిగినదనియు, డెసాగులియేరు ఉపన్యసించెననియు, పేయిను ఒక ప్రాచీన వ్రాతప్రతిని చూపి క్రొత్త నియమములను చదివెననియు, మాంటేగ్యూ గ్రాండు మాస్టరుగను, బీలు ఆయన ఉపాధికారిగను నిర్ణయింపబడిరనియు మాత్రమే అందు కలదు. ఊరేగింపు లేదు; సొలొమోను పీఠము లేదు. ఆ వ్రాతప్రతి అయిదువందల యేండ్ల నాటిదని అతడు వ్రాసికొనెను. అది నేడు కుక్ వ్రాతప్రతిగా ప్రసిద్ధమైన పదునైదవ శతాబ్దపు గ్రంథమే యని పలువురు పండితుల అభిప్రాయము.

తేదీ, స్థలము, ఎన్నికైన వ్యక్తి, ఉపాధికారి, ఉపన్యాసకుడు - ఈ అయిదింట ఇరువురును ఏకీభవించుచున్నారు. కావున 1721 నాటి ఉత్సవము నిస్సందేహము. చిక్కంతయు దానికి ముందటి నాలుగేండ్లలో ఉన్నది. 1717 జూన్ 24న నాలుగు లాడ్జీలవారు గూసు అండ్ గ్రిడైరను పానశాలలో సమావేశమై ఆంటొనీ సేయరును తొలి గ్రాండు మాస్టరుగా ఎన్నుకొనిరని ఆండర్సనే వ్రాసెను. సేయరునకును అధికారచిహ్నములు, పీఠారోహణము, సభవారి వందనము - అన్నియు ఇంచుమించు ఆ ధోరణిలోనే వర్ణింపబడినవి. ఆయన 1723లో ప్రకటించిన మొదటి గ్రంథమున ఈ ప్రస్తావనయే లేదు. పైగా స్టూక్లీ 1721 జనవరిలో తాను సభ్యుడైనప్పుడు, ఆ క్రియ జరుపుటకు చాలినంతమంది దొరకుటయే కష్టమాయెనని చెప్పియున్నాడు. నాలుగేండ్లుగా వర్ధిల్లుచున్న సంఘమునకు ఈ మాట పొసగదు. ప్రెస్కాట్, సోమర్సు అను పరిశోధకులు 2016 మొదలుకొని ఈ ఆక్షేపమును బలముగా తెలిపి, గ్రాండు లాడ్జి స్థాపన 1721లోనే జరిగినదని వాదించిరి. అయినను సంఘము 2017లో త్రిశతాబ్ది ఉత్సవమును ఘనముగా జరుపుకొనెను.

మా అభిప్రాయమున సేయరును కల్పితమని త్రోసివేయరాదు. 1730 నాటి సంఘపు కార్యవివరణ పుస్తకములో ఆయన పూర్వపు గ్రాండు మాస్టరుగా పేర్కొనబడినాడు; అదియు సహాయము అర్థించిన సందర్భమున. కాని 1717 నాటి సభావివరములకు ఆండర్సను వాక్యము తప్ప వేరు ఆధారము లేదు. 1721లో తొలిసారిగా ఒక డ్యూకు ఆ పీఠము నెక్కెను. నాటినుండి ఆ పీఠము ప్రభువంశీయులదే అయ్యెను. అట్టి వైభవమును పొందిన సంఘము తన తొలిదినములను గూడ ఆ వైభవపు వెలుగులోనే చూచుకొనుట సహజము. ఉత్సవము జరిగినదని నమ్ముటకు ఆండర్సను చాలును. ఎట్లు జరిగినదో నిర్ణయించుటకు మాత్రము స్టూక్లీ వ్రాసిన ఆ కొద్ది పంక్తులే మనకు కొలబద్ద.