నారాయణగూడ అన్నయ్య, అక్కయ్య

ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956వ సంవత్సరమున మదరాసునుండి హైదరాబాదునకు తరలివచ్చిన తెలుగువారిలో ఉద్యోగులు, పత్రికారచయితలు, కళాకారులు పెక్కురుండిరి. వారిలో తెలుగుపిల్లలు పేరుతో గాక చుట్టరికముతో పిలుచుకొనిన దంపతులు న్యాయపతి రాఘవరావుగారును, కామేశ్వరిగారును. మదరాసు ఆకాశవాణి కేంద్రమున పిల్లల కార్యక్రమములు నడిపిన నాళ్లలోనే వారికి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అను పేర్లు స్థిరపడెను. 1940లో మదరాసున వారు నెలకొల్పిన ఆంధ్ర బాలానంద సంఘము వారివెంటనే యీ నగరమునకు వచ్చి, నారాయణగూడలో నిలద్రొక్కుకొనెను.

తెలుగు బాలసాహిత్యమున తోబుట్టువుల స్థానమెట్టిదో విచారింపబూనినవారు పుస్తకముల అలమారకన్న ముందుగా ఈ దంపతులను తలచుకొనవలెనని నా నిశ్చితాభిప్రాయము. అన్నదమ్ములను, అక్కచెల్లెండ్లను గూర్చిన కథలు మనకు అనాదిగా నున్నవి. కాని కథ చెప్పువారే పిల్లలకు అన్నయ్యయు అక్కయ్యయు అగుట, అదియును ముఖమైన నెరుగని వేలకొలది పిల్లలకు అట్లగుట, వీరివలననే ఇంత విస్తారముగా సంభవించినది. మన యిండ్ల బంధుత్వపు లెక్కను బట్టి చూచినచో అన్నయ్య భార్య వదిన, అక్కయ్య భర్త బావ కావలెను; భార్యాభర్తలను ఒకే నోట అన్నయ్య, అక్కయ్య అనుట పెద్దలకు పొసగని మాట. పిల్లలకు మాత్రము ఆ చిక్కు తోచలేదు. వారు ఆ యిద్దరితోను వేరువేరుగా చుట్టరికము కలుపుకొనిరి. తండ్రి గదమాయించును, గురువు పరీక్షించును. అన్నయ్య యన్ననో, పెద్దల లోకమున అడుగుపెట్టియు ఆటను మరువనివాడు, తండ్రియెదుట తమ్ముని పక్షమున ఒక మాట చెప్పగలవాడు. బాలసాహిత్యమున రచయిత నిలువదగిన చోటు అదియే యని రాఘవరావుగారు సిద్ధాంతముగా ప్రకటింపకయే ఆచరించి చూపిరి.

ఈ దంపతులు 1945లో మదరాసునుండి వెలువరించిన ‘బాల’ మాసపత్రిక తెలుగున కేవలము పిల్లలకొరకై వచ్చిన తొలితరము పత్రికలలో అగ్రగణ్యమైనది. అందులో పిల్లలు పాఠకులు మాత్రమే కారు, రచయితలును. అప్పటికి పదునాలుగేండ్లవాడైన ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ ఆ సంవత్సరముననే ‘బాల’లో అచ్చుపడినది; దాని పేరు ‘అమ్మ మాట వినకపోతే’. ఆంధ్రదేశమును అర్ధశతాబ్ది కాలము నవ్వించిన రచయిత కలము పట్టగనే తలచినది తల్లినీ, బిడ్డనూ, వారి నడుమ నుండు ఆజ్ఞనూ అని తలచినపుడు నాకు ఎనలేని ఆనందము కలుగును. బాపు తొలినాటి చిత్రములును ‘బాల’లోనే వెలువడినవి. ఒక తల్లి కడుపున బుట్టని రమణ, బాపులు బాల్యమున కలిసి, అనంతరము రెండు కుటుంబములను ఒకే యింట నడుపుకొనిన వైనము తెలుగువారెల్లరు ఎరిగినదే.

‘బాల’కు పూర్వము మన పిల్లలకు తోబుట్టువుల కథలు లేకపోలేదు. అవి అవ్వల నోట నుండినవి. ఆ కథలు నేటి పుస్తకములవలె మెత్తనివి కావు. తెలంగాణమున బతుకమ్మను గూర్చి చెప్పుకొను కథలలో ఒకటి అక్కెమ్మ అను ఏడుగురన్నల చెల్లెలిది. అన్నలు ఇల్లు విడిచిపోయిన వేళ వదినెల ఆరడికి గురియై, వారు విషము కలిపిన పాలు త్రాగి చనిపోయిన ఆ బాలిక, పాతిపెట్టిన చోట తంగేడుచెట్టై మొలచి, తిరిగివచ్చిన అన్నతో మాటలాడును. ఇది పసివారికి చెప్పదగినదా యని సంకోచించువారు కలరు. నేను చెప్పదగినదే యందును. ఏలయన, అన్న పెండ్లియైన పిదప తన పాలి ప్రేమ ఎవరికి పోవునో యను భీతి చెల్లెలి హృదయమున నిజముగా నుండును. కథ ఆ భీతిని దాచక, పేరుపెట్టి పిలిచి, కడకు దానిని పూవులుగా పూయించినది. ఊర్మిళాదేవి నిద్ర పాటయు అట్టిదే. అన్నవెంట తమ్ముడు అడవికేగిన త్యాగమును కావ్యములు కొనియాడగా, ఆ తమ్ముని భార్య పదునాలుగేండ్లు ఏమైనదని అడిగినవారు ఇంటిలోని స్త్రీలు. ఆ ప్రశ్నను వారి ఒడిలోని పిల్లలును వినియుందురు.

1947 జూలైలో వెలువడిన ‘చందమామ’ ఈ మౌఖిక సంపదను అచ్చునకెక్కించి ఊరూర పంచినది. సవతి తల్లులు, ఆస్తి పంచుకొను అన్నదమ్ములు, మంచి చిన్నకోడళ్లు అందులో నిత్యము కానవత్తురు. కాని అవి జరిగిపోయిన కాలపు కుటుంబములు. సమకాలీనమైన ఇల్లు, బామ్మ, బాబాయితో సహా, పిల్లవాని నోటిమీదుగానే కాగితముపై వాలినది 1956-57 ప్రాంతమున ఆంధ్రపత్రిక వారపత్రికలో రమణ ‘బుడుగు’ను సృష్టించినపుడు. అది పెద్దలకొరకు వ్రాసినదే యైనను పిల్లలు దానిని తమదిగా చేసికొనిరి.

బాలానంద సంఘము నెలకొన్న నారాయణగూడలోనే మరియొక సంస్థ కలదు. నిజాం రాజ్యమున ఉర్దూ బోధనాభాషగా నున్న కాలమున, 1928లో, మాడపాటి హనుమంతరావుగారి దీక్షవలన ఏర్పడిన బాలికల పాఠశాల తెలుగులో చదువు చెప్పెను. ఉస్మానియా విశ్వవిద్యాలయముతో పొత్తు కుదురక, పూనాలోని కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధమయ్యెను. నారాయణగూడలోని ఆ పాఠశాలను నేను బాలసాహిత్య చరిత్రలో భాగముగనే ఎంచుదును. అక్షరము వచ్చిన అక్క లేని యింట చిన్నవారికి పుస్తకము చదివి వినిపించువా రెవరు?

కామేశ్వరిగారు 1980లోను, రాఘవరావుగారు 1984లోను పరమపదించిరి. నేడు ఒక్క బిడ్డతో ఆగిన సంసారములు నగరమున సర్వసాధారణమైనవి. పెదనాన్న కొడుకును అన్నయనియే పిలుచు మన అలవాటు మాత్రము ఇంకను సజీవముగా నున్నది. దానిని ఆధారము చేసికొని చక్కని బొమ్మల పుస్తకములు రావలసి యున్నది. వానికి తగిన వస్తువు మన కన్నులయెదుటనే యున్నది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున పఠనమందిరములు పిల్లలతో గాక పోటీపరీక్షల అభ్యర్థులతో నిండియుండును. పల్లెలనుండి వచ్చి అశోక్‌నగర్‌లో ఇరుకుగదులలో నివసించుచు ఉద్యోగముకొరకు చదువు ఆ యువకులు ప్రాయశః ఎవరికో ఒకరికి అన్నలు, అక్కలు. పండుగకు అన్న రాని యింట ఊరిలో నున్న చెల్లెలికి ఏమి తోచునో, ఇంటి సొమ్మంతయు ఒక్కని చదువునకు పోవుచుండగా తమ్ముని మనస్సున నేమి మెదలునో ఎనిమిదేండ్ల బిడ్డకు అర్థమగునట్లు చెప్పిన తెలుగు పుస్తకమును నేనింకను చూడలేదు. దానిని వ్రాయవలసినవారు ఆ గదులలోనే యుందురని నా నమ్మకము.